అరంగుళం పానాల కాలం

బెజవాడలో పాత కారున్న ఏ ఇంటివాళ్లకీ ఆ షెడ్డుకి దారి చెప్పాల్సిన పని ఉండేది కాదు. సూర్యారావుపేట ఆసుపత్రుల వీధుల వెనక ఓ సందు మలుపు, నాలుగు రేకులు, ఒక వేపచెట్టు, చెట్టు కింద ఎప్పుడు చూసినా బానెట్ ఎత్తిపెట్టిన ఓ అంబాసిడర్. బోర్డు లేదు. మేస్త్రిగారి షెడ్డంటే అదే. ముప్ఫై ఏళ్లుగా బండి ఇచ్చి తీసుకెళ్లినవాళ్లలో కొందరికి ఆయన అసలు పేరు పెద్దకర్మ కార్డు మీద చూసేదాకా తెలియలేదు.

ఆ రోజు గుంటూరు నుంచి, తెనాలి నుంచి, ఏలూరు నుంచి కూడా మనుషులొచ్చారు. వచ్చినవాళ్లలో బంధువులు తక్కువ, బళ్లవాళ్లు ఎక్కువ. భోజనాల దగ్గర కూర్చుని ఎవరి కారు కథ వాళ్లు చెప్పుకున్నారు. "మా నాన్నగారి ఫియట్‌కి రెండుసార్లు ఇంజను పని చేసింది ఈయనే" అని ఒకరు. "అక్క పెళ్లికి మగపెళ్లివారిని దింపాల్సిన బండి, ముందురోజు రాత్రి గేరుబాక్సు పట్టేసింది, తెల్లారేసరికి గుమ్మంలో పెట్టారు" అని మరొకరు. మేస్త్రిగారికి మనుషుల మొహాలు అంతగా గుర్తుండేవి కావు. ఎన్నాళ్ల తర్వాతో వచ్చి నమస్కారం పెట్టినవాళ్లని తేరిపార చూసి, "ఎవరండీ?" అనేవారు. బండి నంబరు చెప్పగానే మొహం విచ్చుకునేది. "ఓ, గుంటూరు హెరాల్డా! మూడో సిలిండరు ఎలా ఉంది? ఆయిలు తాగుతోందా ఇంకా?"

ఆయన పోవడంతో ఊరు పోగొట్టుకున్నది ముఖ్యంగా ఈ జ్ఞాపకాన్నే. ఏ బండికి ఎప్పుడు బోర్ చేయించారో, ఏ బండికి ఏ వాల్వు కాలిందో, ఏ కారు బురదలో దిగబడి ఛాసిస్ ఒంగిందో, అదంతా ఆయన తలలోనే ఉండేది. ఎక్కడా రాసిపెట్టలేదు. రాయాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు కూడా.

ఆయన పని నేర్చుకున్న రోజుల్లో రోడ్డు మీద కనిపించే కార్లు మూడంటే మూడు రకాలు. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసుకి మన దేశపు రూపం. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారయ్యేది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసే ఫియట్ 1100, 1974 నుంచి పద్మిని అయింది. మూడోది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. దాని ముందు భాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి తెరుచుకునేది. లోపల టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. అందుకే మెకానిక్కులకి హెరాల్డ్ అంటే ప్రాణం, యజమానులకి మాత్రం తలనొప్పి. ప్రకాశం బ్యారేజీ మీద రాకపోకలు మొదలైంది 1957 డిసెంబరులో. అంబాసిడర్ పుట్టిందీ ఇంచుమించు అప్పుడే. బ్యారేజీ దాటి సీతానగరం దాకా వెళ్లి రావడమే ఆ షెడ్డులో ప్రతి బండికీ ఆఖరి పరీక్ష కావడం వల్ల, ఈ రెండింటి వయసూ ఒకటేనని మేస్త్రిగారు తరచూ చెబుతుండేవారు.

షెడ్డులో రెండు పనిముట్ల పెట్టెలుండేవి. ఒకదాంట్లో అంగుళాల పానాలు, రెండోదాంట్లో మిల్లీమీటర్ల పానాలు. అంబాసిడర్, హెరాల్డ్ ఇంగ్లీషు బళ్లు కాబట్టి వాటి నట్లన్నీ అంగుళాల లెక్క. ఫియట్ ఇటలీది, దానికి మిల్లీమీటర్లు. అరంగుళం నట్టుకి పదమూడు నంబరు పానా దాదాపు సరిపోతుంది. ఆ 'దాదాపు' అన్నదే ఆయనకి పడదు. నట్టు మూలలు అరిగిపోతాయి, ఇంకోసారి విప్పేవాడికి అది నరకం. కొత్తగా చేరిన కుర్రాడు పెట్టె మార్చి పానా అందిస్తే ఆయన తీసుకునేవారు కాదు. అలాగే చెయ్యి చాచి ఉంచేవారు. కుర్రాడికి అర్థమై, పరిగెత్తుకెళ్లి సరైనది తెచ్చి చేతిలో పెట్టేదాకా పని ఆగేది.

ట్యాపెట్ల పని ఆయన చేస్తుంటే చూసినవాళ్లు మర్చిపోరు. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. రాకర్ కవరు విప్పి, ప్లగ్గులు తీసి, ముందు నుంచి హ్యాండిలు పెట్టి కుర్రాడు ఇంజనుని నెమ్మదిగా తిప్పుతాడు. ఒకటో వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకున్నప్పుడు ఎనిమిదోదాని సందు చూడాలి. మూడోది నొక్కుకుంటే ఆరోది. నాలుగోదానికి ఐదోది. ఏ రెండు కలిపినా తొమ్మిది రావాలి. మూడో తరగతిలో బడి మానేసిన పిల్లలు కూడా ఆ షెడ్డులో చేరిన నెలకల్లా ఈ కూడికలు తడుముకోకుండా చెప్పేవారు. సందులో పెట్టే ఫీలర్ గేజి బ్లేడు మందం అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. బ్లేడు బిగుసుకోకూడదు, వదులుగా ఊగకూడదు, పట్టీ పట్టనట్టు జారాలి. మేస్త్రిగారు బ్లేడుని బొటనవేలితో మెల్లగా లాగి, కళ్లు ఇంజను మీద కాకుండా ఎక్కడో వేపకొమ్మ మీద పెట్టుకుని, "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు" అనేవారు. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ రవ్వంత కదిలి, పెట్టిన సందు మారిపోతుంది. అందుకని బిగించాక మళ్లీ కొలవాలి. ఆ రెండోసారి కొలవడం మానేసిన కుర్రాణ్ణి ఆయన ఎన్నడూ నమ్మలేదు.

వాల్వులు సానపెట్టడం ఇంకో ఎత్తు. కర్ర చివర రబ్బరు కప్పు. దాన్ని వాల్వు తలకి అతికించి, అంచుకి గ్రైండింగ్ పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్యా కవ్వంతో మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పడం. ఎనిమిది వాల్వులకీ ఇలా చేసేసరికి ఓ పూట పట్టేది. అయిపోయాక హెడ్డు తిరగేసి, దారుల్లో కిరసనాయిలు పోసి వదిలేసేవారు. పొద్దున్నకి ఒక్క చుక్క దిగకూడదు. దిగితే ఆ వాల్వు మళ్లీ మొదటికి. ఖాతాదారు తొందరపడితే ఆయన జవాబు ఒక్కటే: "ఇది కారకుండా ఆపితే బండి మిమ్మల్ని ఆపదండి."

కార్బ్యురేటరు విషయంలో ఆయన గేజీలేవీ వాడేవారు కాదు. పాత అంబాసిడర్ల ఎస్.యు. కార్బ్యురేటరులో ఉండే పిస్టన్‌ని వేలితో రవ్వంత పైకి లేపి చెవి పెట్టేవారు. ఇంజను పరుగు పెంచితే పెట్రోలు ఎక్కువవుతోందన్నమాట. ఆగిపోబోతే తక్కువవుతోందన్నమాట. క్షణంపాటు కాస్త పుంజుకుని మళ్లీ మామూలైతే సరిపోయింది. టైమింగుకి పరీక్ష రోడ్డు మీదే. బండిని టాప్ గేరులో నెమ్మదిగా పోనిచ్చి, ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కి, ఇంజనులోంచి గోరుతో గాజు మీద మీటినట్టు చప్పుడు వస్తుందేమో వినడం. వస్తే డిస్ట్రిబ్యూటరుని వెంట్రుకవాసి వెనక్కి తిప్పడం. కిటికీ అద్దాలన్నీ దించి, రేడియో పాడుతుంటే కట్టేసి, పక్కన యజమానిని కూర్చోబెట్టుకుని, "మీరూ వినండి" అనేవారు. ఆయన దగ్గరికి వెళ్లిన చాలామంది డాక్టర్లకీ ప్లీడర్లకీ తమ బండి చప్పుడు ఎలా ఉండాలో అలాగే తెలిసింది.

ఈ నైపుణ్యం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే సమాధానం సామాను కొరత. కారు బుక్ చేస్తే చేతికి రావడానికి ఏళ్లు పట్టే రోజులవి. అంత కష్టపడి దొరికిన బండిని ఎవరూ పారేయరు, అమ్మినా ఇంకెవరో మోజుగా కొనుక్కుంటారు. కాబట్టి పాడైన ప్రతిదీ బాగవ్వాల్సిందే. సిలిండరు అరిగితే ఆటోనగర్ లేత్ షాపులో ఇరవై ఓవర్‌సైజుకి బోర్ చేయించేవారు. మళ్లీ అరిగితే నలభై, ఆ తర్వాత అరవై. అదీ అయిపోతే స్లీవు దింపి మళ్లీ మొదటి కొలతకి తెచ్చేవారు. ఒక ఇంజనుకి అలా నాలుగు జన్మలు. ఊళ్లో దొరకని సామాను కోసం పొద్దున్నే పినాకిని ఎక్కి మద్రాసు వెళ్లి, పుదుప్పేట పాత సామాన్ల సందుల్లో సాయంత్రం దాకా తిరిగి, రాత్రి మెయిల్లో వచ్చేసేవారు. ఒళ్లో గుడ్డసంచి, సంచిలో గేరు చక్రాలు. అక్కడా దొరక్కపోతే కలకత్తా మల్లిక్ బజారు నుంచి ఎవరిచేతనైనా తెప్పించాలి. ఒక్క పళ్ల చక్రం కోసం నెలరోజులు ఎదురుచూసిన బళ్లున్నాయి.

బెజవాడలో మెకానిక్కులందరినీ 1960ల్లోనే ఊరి చివర ఆటోనగర్‌కి చేర్చడం మొదలైంది. లారీల బాడీ కట్టేవాళ్లు, లేత్‌లవాళ్లు, పెయింటర్లు అంతా అక్కడే. ఈయన మాత్రం కదల్లేదు. తన ఖాతాదార్లు ఎక్కువమంది సూర్యారావుపేట డాక్టర్లు. పొద్దున ఓపీకి వెళ్తూ బండి వదిలేసి, మధ్యాహ్నం తీసుకెళ్లేవాళ్లు. తీరిక ఉన్నవాళ్లు అక్కడే స్టూలు మీద కూర్చుని పేపరు చదివేవాళ్లు. అది వర్క్‌షాపులో సగం, రచ్చబండలో సగం. ఎన్నికల లెక్కలు, కాలువలకి నీళ్లు వదిలే తేదీలు, కొత్త సినిమా ఎన్ని వారాలు ఆడుతుందన్న పందేలు, అన్నీ బానెట్ చుట్టూనే. 1982లో ఎన్.టి.రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం గురించి అక్కడ పెద్ద చర్చే జరిగేది. అది కొత్త బండి కాదు, పాత షెవర్లే వ్యాన్‌కి చేసిన మార్పు. హరికృష్ణ నడిపారు. జనం రామారావుని చూడ్డానికి ఎగబడుతుంటే, మేస్త్రిగారి మనసంతా అంత పాత ఇంజనుని అన్ని ఊళ్లు తిప్పుతున్న మెకానిక్కుల మీదే ఉండేదట.

ఏడాదిలో రెండు కాలాలు షెడ్డుకి ఊపిరాడేది కాదు. ఒకటి ఎండాకాలం సెలవులు. అప్పుడు తిరుపతి ప్రయాణాలు. కొండకి వెళ్లేముందు బండిని మేస్త్రిగారికి చూపించుకోవడం మొక్కులో భాగమే. రేడియేటరు గొట్టాలు, ఫ్యాను బెల్టు, బ్రేకు షూలు మూడూ చూసిగాని పంపేవారు కాదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మీటరులో ముల్లు ఎక్కడికొస్తే ఆపాలో, మూత ఎంతసేపటి తర్వాత తియ్యాలో, చంటిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పేవారు. నడి మే నెలలో పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ కప్పి పావుగంట చెట్టు నీడన కూర్చోమనేవారు. రెండోది దసరా. అసలే దుర్గమ్మ ఊరు. పానాలన్నీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి వరసగా పేర్చేవారు. ఆ ఒక్కరోజు వాటిని ముట్టుకోకూడదు. ఆ రోజే ఎవరి బండో రోడ్డు మీద ఆగిపోవడమూ, ఆయన అమ్మవారికి దణ్ణం పెట్టుకుని పెట్టెలోంచి ఒక పానా తీసుకుని వెళ్లడమూ దాదాపు ప్రతి ఏటా జరిగేది.

అయితే ఆ కాలం గురించి చెప్పేటప్పుడు దాని చీకటిని దాచకూడదు. షెడ్డులో పనిచేసిన కుర్రాళ్లు పిల్లలు. తొమ్మిదేళ్లకి, పదేళ్లకి వచ్చి చేరేవాళ్లు. మొదటి ఏడాది జీతం లేదు, మధ్యాహ్నం అన్నం, పండక్కి ఒక జత బట్టలు. పెట్రోలు తీయాలంటే ట్యాంకులో గొట్టం పెట్టి నోటితో పీల్చడమే. ఆ పెట్రోలులో సీసం కలిసి ఉండేది. దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000లోనే. బ్రేకు డ్రమ్ము విప్పి, లోపలి దుమ్ముని నోటితో ఊదేసేవాళ్లు. ఆ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మేస్త్రిగారిని చివరి పదేళ్లూ విడవకుండా పట్టుకున్న దగ్గుకి కారణమేమిటో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు, కానీ ఆ షెడ్డు గాలి ఏమిటో అక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. ఊళ్లో సగంమంది డాక్టర్ల కార్లు ఆయన చేతిలో ఆరోగ్యంగా ఉన్నాయి. ఆయన ఊపిరితిత్తుల గురించి వాళ్లు అడగాల్సినంత ముందుగా అడగలేదు. ఆయన దగ్గర పెరిగిన పిల్లలు ఈ ముక్క కోపంగానే అంటారు. ఆ కోపం న్యాయమైనదే.

మారుతి 800 మొదటి బండి 1983 డిసెంబరు 14న రోడ్డెక్కింది. మొదట్లో దానివల్ల ఆయనకి వచ్చిన ఇబ్బందేమీ లేదు. దానికీ కార్బ్యురేటరే, దానికీ పాయింట్లే. మిల్లీమీటర్ల పెట్టెకి పని పెరిగింది, అంతే. అసలు దెబ్బ పొగ నిబంధనలతో తగిలింది. 2000 తర్వాత కొత్త కార్లలో కార్బ్యురేటరు పోయి ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత పోవాలో కంప్యూటరు చూసుకుంటుంది. తప్పేమిటో చెప్పడానికి స్కానరు కావాలి. పద్మిని ఆ రోజుల్లోనే ఆగిపోయింది. 2010 ఏప్రిల్లో హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లో బీఎస్-4 అమలైంది. 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూతపడింది. మూడేళ్ల తర్వాత అంబాసిడర్ అన్న పేరుని 80 కోట్ల రూపాయలకి ఫ్రాన్స్‌కి చెందిన ప్యూజో సంస్థ కొనుక్కుంది. ఈ కబురు పేపర్లో చదివి వినిపించినప్పుడు మేస్త్రిగారు అడిగిన ప్రశ్న, "పేరొక్కటేనా? సామాను తయారుచేస్తారా?" అని.

చివరి పదేళ్లలో షెడ్డుకి వచ్చినవాళ్లు వేరే రకం. తాతగారి బండిని బాగుచేయించుకోవాలనే మనవలు, సాఫ్ట్‌వేరు ఉద్యోగాల నుంచి సెలవు పెట్టి హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు, అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చి పాక కింద దుమ్ము పట్టిన ఫియట్‌ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు. వాళ్లకి రంగు మెరవాలి, బంపరు తళతళలాడాలి. ఆయన ముందు బ్రేకుల సంగతి అడిగేవారు. "ఆగడం నేర్పుదాం బాబూ, పరిగెత్తడం తర్వాత." సీసం లేని పెట్రోలుతో పాత ఇంజన్ల వాల్వు సీట్లు తొందరగా దిగబడిపోతాయని, హెడ్డు తీసిన ప్రతిసారీ గట్టి లోహపు సీట్లు వేయించుకొమ్మని పట్టుబట్టేవారు. బయటికి కనిపించని పనికి అంత ఖర్చేమిటని గొణిగినవాళ్లు కూడా చివరికి వేయించుకున్నారు.

2021 జులైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు, కొత్త నమోదుకి 20,000 రూపాయల ఫీజు. అంత వయసు లేని పాత కార్లకి 2022 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ పొడిగింపు 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. బండికి యాభై ఏళ్లు నిండితే గౌరవమే. దాన్ని యాభై ఏళ్లు నడిచేలా ఉంచిన చేతికి ఏ అక్షరాలూ లేవు, ఏ కాగితమూ లేదు. ఐటీఐ పుస్తకాల్లో ఇంజెక్షన్ పాఠాలు వచ్చాయి, రావాల్సిందే. కానీ ఆయనలాంటి వాళ్లు బతికుండగా, ఎవరైనా ఓ కెమెరా పట్టుకుని పక్కన కూర్చుని, ఆ వేలు పిస్టన్‌ని ఎంత లేపుతుందో, ఆ చెవి దేనికోసం వెతుకుతుందో నమోదు చేసి ఉంటే పెద్ద ఖర్చయ్యేది కాదు. మన దగ్గర నేత గురించి, కుండ గురించి, కొండపల్లి బొమ్మ గురించి రాసుకున్నాం. రెంచి పట్టిన చేతిపని కూడా ఆ వరసలోదేనని ఇంకా ఒప్పుకోలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకరు ఇప్పుడు ఆటోనగర్‌లో డీజిల్ పంపుల పని చేస్తున్నారు. ఒకరు ఓ పెద్ద షోరూంలో స్కానరు ముందు కూర్చుంటారు. పాత బళ్ల పని పట్టుకున్నది ఒక్కరే, అందరిలోకీ చిన్నవాడు. అంగుళాల పెట్టె అతనికే వచ్చింది. మేస్త్రిగారి కొడుకు దాన్ని తూకానికి ఇవ్వకుండా పిలిచి చేతిలో పెట్టాడు. ఇప్పుడు అతని దగ్గరికి వస్తున్న రోగం కొత్తది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత బళ్ల రబ్బరు గొట్టాలు, పంపులో డయాఫ్రం దానికి తట్టుకోలేక మెత్తబడి చీలిపోతున్నాయి. ఇది మేస్త్రిగారు చెప్పి వెళ్లిన పాఠాల్లో లేదు. కోయంబత్తూరు నుంచి, చెన్నై నుంచి ఇథనాల్‌కి ఆగే గొట్టాలు తెప్పించి, ఏది ఎన్ని నెలలు నిలిచిందో ఆ కుర్రాడు ఒక నోటుపుస్తకంలో బండి నంబరు వారీగా రాసుకుంటున్నాడు. గుంటూరు హెరాల్డ్‌కి రెండు పేజీలు అయ్యాయి.